లేని కాలిబాట

ఆదివారం పొద్దున నేను ఎవరికైనా కావాలంటే తాడు దగ్గరికి రావాలి. బట్టలారేసుకునే మామూలు నైలాన్ తాడు. అడవి అంచున రెండు చెట్లకు దాన్ని బిగించి కట్టి, పక్కన మడత టేబుల్ వేసుకుని కూచుంటాను. పరుగుకు వెళ్ళే ప్రతి మనిషీ తన కార్డు కొస చింపి ఇచ్చిన చీటీ, బట్టల క్లిప్పుతో ఆ తాడు మీద వేలాడుతుంటుంది. మనిషి తిరిగొచ్చి నా టేబుల్ ముందు నిలబడితేనే చీటీ తీస్తాను. పరుగు పూర్తిచేసి వచ్చాడా, సగంలో మానేసి వచ్చాడా నాకు అనవసరం. మనిషి కనబడాలి. తాడు మీద ఒక్క చీటీ మిగిలినా క్లబ్బులో ఎవరమూ ఇళ్ళకు పోం.

ఇప్పుడు అంతా ఎలక్ట్రానిక్ అయిపోయింది. వేలికి తొడుక్కునే ప్లాస్టిక్ ముక్క ఒకటి వచ్చింది, ఎవరు ఎప్పుడు ఎక్కడున్నారో అదే చెబుతుంది. "ఇంకా ఈ తాడెందుకు ఆంటీ?" అని కొత్తవాళ్ళు నవ్వుతారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "ముందు చీటీ ఇయ్యి నాయనా, తర్వాత నవ్వుకుందువు" అంటాను. ఈ మొండితనం ఎందుకో ఇంతవరకు ఒక్క మనిషికే చెప్పాను, అదీ తొమ్మిదేళ్ళు ఆలస్యంగా. ఆ ఆలస్యంలో ఒక పెద్దమనిషి తన కళ్ళ మీద తనకున్న నమ్మకం పోగొట్టుకున్నాడు. ఆ పాపం నాది.

నేను కర్నూలు నుంచి సింగపూర్ వచ్చింది రెండువేల సంవత్సరం భయం అందరినీ పట్టుకున్న రోజుల్లో. కొత్త సంవత్సరం రాగానే బ్యాంకుల కంప్యూటర్లన్నీ తలకిందులవుతాయని చెప్పి, పాత ప్రోగ్రాములు చదవడం వచ్చిన ప్రతివాళ్ళనూ విమానమెక్కించి రప్పించుకున్నారు. బెడోక్‌లో ఒక ఫ్లాట్లో నలుగురు ఆడపిల్లలం సర్దుకున్నాం. సోమవారం నుంచి శనివారం దాకా ఎవరో ఎప్పుడో రాసిపడేసిన వేల లైన్లలో తారీఖులు వెతకడం నా పని. నడుముకు పేజర్. అది మోగితే భోజనం మధ్యలోనైనా లేవాలి. ఆదివారం వస్తే మిగతా ముగ్గురూ నిద్రపోయేవాళ్ళు. నాకు ఆ గదిలో ఊపిరాడేది కాదు.

ఆఫీసులో పక్క సీటు అమ్మాయి ఒకసారి తనతో రమ్మంది. ఆట పేరు ఓరియంటీరింగ్. చేతిలో మ్యాపు, కంపాసు ఇస్తారు. అడవిలో పదో పదిహేనో చోట్ల నారింజ, తెలుపు రంగుల గుడ్డ గుర్తులు వేలాడదీసి ఉంచుతారు. మ్యాపులో వేసిన వరసలో వాటిని వెతుక్కుంటూ పరుగెత్తి, ఒక్కోచోట కార్డుకు చిల్లులు పొడుచుకుని, గడువులోగా తిరిగి రావాలి. దారి ఎవరూ చెప్పరు. "దుడ్లిచ్చి మరీ తప్పిపోయేదేందే?" అంది అమ్మ ఫోన్లో. నాకు మాత్రం, వారమంతా ఇంకొకరు చెప్పినట్టు ఆడిన కాళ్ళకు ఆ రెండు గంటలూ నేనే దారి చెప్పడం ఎంత నచ్చిందో మాటల్లో పెట్టలేను.

మొదటి ఆదివారం మూడో గుర్తు దగ్గరే దిక్కు తోచక నిలబడిపోయి, గొణుక్కుంటూ నన్ను నేనే తిట్టుకుంటున్నాను. వెనక నుంచి ఎవరో "తెలుగు పిల్లవేటి?" అన్నారు. తిరిగి చూస్తే అరవై దాటిన మనిషి. సన్నగా, నల్లగా, మోకాళ్ళ దాకా మేజోళ్ళు. ఎడమ ముంజేతికి చిన్న చెక్కపలక కట్టుకుని ఉన్నాడు, దానికి దారంతో వేలాడుతున్న పెన్సిళ్ళు.

"అవునండీ, కర్నూలు" అన్నాను.

"అదెక్కడుందో నాకు తెలీదు. మాది సీకాకులం అంట. నాను సూళ్ళేదు. మా తాత ఓడెక్కీసి మలయాకి రబ్బరు తోటల్లోకి ఒచ్చీసినాడు" అని, నా చేతిలోని మ్యాపు తిన్నగా తిప్పి పెట్టాడు. "కాయితం కాదు పిల్లా. ముందల నేల సూడు. నేల సూసి కాయితం సూడు. తిరగేసి సేసేవంటే నీకు గావలసిందే కనపడతాది."

ఆయన్ను క్లబ్బంతా అంకుల్ అనేది, నేనూ అలాగే పిలిచాను. ఉద్యోగమంతా సర్వే పటాలు గీసే పనిలో గడిపి రిటైరయ్యాడు. మేం పరుగెత్తే మ్యాపులన్నీ ఆయన చేతివే. ఒక్కో అడవికి నాలుగైదు నెలలు పట్టేది. అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి, ప్రతి వాగూ, ప్రతి గుంటా, మనిషి నడుమంత ఎత్తున్న ప్రతి రాయీ ఆ పలక మీద పెన్సిలుతో వేసుకుని, ఇంటికెళ్ళి పల్చటి ప్లాస్టిక్ షీటు మీద ఇంకుతో గీసేవాడు. గోధుమ రంగు గీతలు ఎత్తుపల్లాలు. పచ్చరంగు ఎంత ముదిరితే అంత దట్టమైన పొద. నల్లటి చుక్కగీత కాలిబాట. ఆయన మ్యాపులో చెట్టు ఉందంటే అక్కడ చెట్టు ఉన్నట్టే. పరుగు అయ్యాక అందరినీ చవక తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్‌కు నడిపించి "మకన్, మకన్" అంటూ తిండి తినిపించి గానీ పంపేవాడు కాదు. నాకు తెలుగులో మాట్లాడే పెద్దదిక్కు ఈ దేశంలో ఆయనొక్కడే.

క్లబ్బులో ఒక పద్ధతి ఉండేది. ఎవరైనా తప్పిపోయి వస్తే వాళ్ళను ముందుగా తప్పుపట్టరు. మ్యాపు గీసిన మనిషి పెన్సిలు పట్టుకుని వచ్చి, ఎక్కడ తప్పావు, ఏం చూశావు అని అడుగుతాడు. పరుగెత్తిన మనిషి చెప్పిన మాటకు తిరుగులేదు. అడవి రోజురోజుకూ మారుతుంది, తాజాగా చూసి వచ్చింది అతనే కదా. ఆ మాట మీద అంకుల్ వెళ్ళి చూసుకుని మ్యాపు దిద్దేవాడు. ఇన్నేళ్ళలో ఆ మాటను ఎవరూ దుర్వినియోగం చేయలేదు. ఆ ఘనత నాకే దక్కింది.

చేరిన పది నెలలకు, ద్వీపం నడిమధ్యన రిజర్వాయర్ చుట్టూ ఉన్న అడవిలో పోటీ పెట్టారు. పొద్దున తొమ్మిదికి చీటీ ఇచ్చి బయల్దేరాను. ఆరో గుర్తు దాకా ఎంత బాగా వెళ్ళానంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. అక్కడ అడవి రోడ్డుకు ఆనుకుని ఉంటుంది, బస్టాపు కనబడుతుంది. కార్డుకు చిల్లు పొడుస్తుండగా నడుమున పేజర్ మోగింది. మా మేనేజర్ నంబరు, చివర అత్యవసరం అని చెప్పే అంకెలు. నా వర్క్ పాస్ గడువు ఆ నెలలోనే అయిపోతోంది, పొడిగించే కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఆయనే.

బస్టాపు పక్కన బూత్ నుంచి ఫోన్ చేశాను.

"టెస్ట్ రన్ ఫెయిలైంది. నీ ప్రోగ్రామే. క్లయింట్ పన్నెండుకి వస్తున్నాడు. ఎక్కడున్నావ్?"

"అడవిలో ఉన్నా సార్."

"ఎక్కడ?"

"వచ్చేస్తున్నా సార్."

అరగంట పని చేసి, పన్నెండింటికి గడువు ముగిసేలోపు వెనక్కి వచ్చేద్దామనుకున్నాను. బురద బూట్లతో టాక్సీ ఎక్కాను. డ్రైవర్ నా కాళ్ళ కింద న్యూస్‌పేపర్ పరిచాడు. ఆఫీసులో కూచున్నాక నాకు లోకం తెలియలేదు. ఒక తారీఖు సరిచేస్తే ఇంకోచోట పగిలేది. ఒంటిగంటకు వర్షం మొదలైందని కూడా చూసుకోలేదు. అయిదు గంటలకు అంతా సర్దుకుని, మేనేజర్ "గుడ్" అన్నాక, కుర్చీలో వెనక్కి వాలితే మెడలో ఏదో గుచ్చుకుంది. అడవిలో ఆపద వస్తే ఊదమని ఇచ్చిన ఈల. అప్పుడు గుర్తొచ్చింది, తాడు మీద నా చీటీ ఉందని.

ఫోన్ చేద్దామంటే ఎవరి నంబరూ దగ్గర లేదు. మళ్ళీ టాక్సీ. అడవి గేటు దగ్గర దిగి వానలో పరుగెత్తాను. టేబుల్ దగ్గర పన్నెండు మందో పదిహేను మందో ఉన్నారు, ఒక్కరి ఒంటి మీదా పొడిబట్ట లేదు. మధ్యాహ్నం నుంచి వరసలు కట్టి నా కోసం అడవంతా వెతుకుతున్నారట. ఇంకో పావుగంట చూసి పోలీసులకు చెప్పాలనుకుంటున్నారట. అంకుల్ ఒక రాయి మీద కూచుని ఉన్నాడు, ఎడమ మోకాలికి టవల్ బిగించి. వాగు గట్టు దిగుతూ జారిపడ్డాడు. తాడు మీద ఒకే ఒక్క చీటీ, తడిసి క్లిప్పుకు అంటుకుపోయి ఉంది.

"ఒచ్చేవా పిల్లా" అన్నాడు.

ఆ ముఖంలో కోపం ఉండుంటే నిజం చెప్పేసేదాన్నేమో. కోపానికి నేను ఎప్పుడూ జవాబు చెప్పగలను. అక్కడ అందరూ సంతోషపడుతున్నారు. ఎవరో భుజం మీద తువ్వాలు కప్పారు, ఎవరో వేడి టీ చేతిలో పెట్టారు. ఒకావిడ నా బురదకాళ్ళు చూసి, "ఆరో గుర్తు తర్వాత రెండు లోయలూ ఒకేలా ఉంటాయి, అక్కడే తప్పిపోయుంటుంది పాపం" అని నా తరఫున చెప్పేసింది. నేను తల ఊపాను. అంతే. ఒక్క తల ఊపడం.

అంకుల్ కుంటుకుంటూ వచ్చి పలక ముందు పెట్టాడు. పెన్సిలు తీశాడు.

"ఎక్కడ తప్పేవు? సూపించు."

నేను మ్యాపు మీద వేలు పెట్టాను. ఏదో ఒకటి చెప్పాలి కదా. "ఇక్కడ ఒక కాలిబాట కనబడింది అంకుల్. మ్యాపులో లేదు. అదే సరైందేమో అనుకుని పట్టుకుని పోయినా."

ఆయన నుదురు ముడిపడింది. "జాలన్ ఉండేదా అక్కడ?" బాటను ఆయన ఎప్పుడూ మలయ్ మాటతోనే అనేవాడు. "నాను రెండుసార్లు తిరిగిన చోటే అది." కాసేపు కాగితం కేసి చూసి, "సరి. నువ్వు సూసేవు గదా. అయితే ఉంటాది" అన్నాడు. నేను చూపించిన చోట చిన్న ప్రశ్నార్థకం పెట్టుకున్నాడు.

రేపు చెబుదాం అనుకున్నాను. వచ్చే ఆదివారం చెబుదాం అనుకున్నాను. వచ్చే ఆదివారం ఆయన పోటీకి రాలేదు, కట్టు కట్టిన మోకాలితో ఆ లోయకు వెళ్ళాడని తెలిసింది. లేని బాటను వెతకడానికి. ఆ తర్వాతి ఆదివారం కూడా. ఆపమని చెప్పాలంటే అబద్ధమని చెప్పాలి. అబద్ధమని చెబితే, ఆ పదిహేను మంది నాలుగు గంటలు వానలో తడిసింది నేను ఏసీ గదిలో కూచున్నందుకని చెప్పాలి. మొహం చెల్లలేదు. ఆఫీసులో ఎవరు మాట తేడాగా అన్నా ఊరుకోని దాన్ని, ఇక్కడ నోట్లో నీళ్ళు పోసుకున్నట్టు కూచున్నాను.

మూడో ఆదివారం ఆయన నవ్వుతూ వచ్చాడు. "దొరికింది" అన్నాడు. "ఫెర్న్ ఆకులు కప్పీసినాయి. సన్నంగా ఉంది, గానీ ఉంది. నాను ముందల ఎలా సూళ్ళేదో." వాన నీళ్ళు పారిన చారో, అడవి పందులు తొక్కిన చారో చూసి ఉంటాడు. నేల ముందు, కాగితం తర్వాత అని ఊరంతటికీ చెప్పిన మనిషి, ఒకే ఒక్కసారి నేలకన్నా ఎక్కువగా ఒక పిల్ల మాటను నమ్మాడు. ఆ షీటు మీద ఐదు చిన్న నల్లగీతలు గీశాడు, బాట ఉందని.

ఏడాది తిరక్కుండా ఆ అడవిలోనే పెద్ద పోటీ జరిగింది, పక్క దేశాల క్లబ్బులు కూడా వచ్చాయి. అప్పటికి రెండువేల సంవత్సరం వచ్చేసింది, ఏ కంప్యూటరూ తలకిందులు కాలేదు, నా పాస్ పొడిగించారు, నాకు పెళ్ళి కూడా అయింది. ఆ పోటీలో గెలుస్తారనుకున్న నలుగురు, మ్యాపును నమ్మి ఆ ఐదు గీతల బాటకోసం వెళ్ళి పొదల్లో చిక్కుకుపోయారు. అందరి ముందూ వచ్చి మ్యాపు టేబుల్ మీద పరిచి, ఇక్కడ బాట లేదు, ఇది ఎవరు గీశారు అని అడిగారు. అంకుల్ లేచి నిలబడి, "నాను" అని ఒప్పుకున్నాడు. "ఐ డ్రా. మై మిస్టేక్."

నేను ఆయనకు నాలుగడుగుల దూరంలో ఉన్నాను. చేతిలోని మ్యాపును మడతపెట్టుకుంటూ నిలబడ్డాను.

ఆ రోజు హాకర్ సెంటర్‌లో ఆయన ఏమీ తినలేదు. "నా కళ్ళు పనికిరావిప్పుడు. లేంది సూత్తన్నాయి" అన్నాడు నాతో. నాతోనే, తెలుగులో, మిగతావాళ్ళకు తెలియకుండా. వారం తర్వాత ముంజేతి పలకను, ఇంకు పెన్నులను క్లబ్బులో ఇంకొకరికి ఇచ్చేశాడు. సగంలో ఉన్న రెండు అడవుల మ్యాపులు సగంలోనే ఆగిపోయాయి. ఎందరు బతిమాలినా మళ్ళీ గీయలేదు. అప్పటినుంచి ఫినిష్ దగ్గర తాడు చూసుకునే పని పెట్టుకున్నాడు. ఆయన పక్కన కుర్చీ వేసుకుని నేనూ కూచోవడం మొదలుపెట్టాను. పరుగెత్తడం తగ్గించి ఎందుకు కూచుంటున్నావని ఆయన అడిగితే, నడుం నొప్పి అన్నాను. అదో అబద్ధం.

ఏళ్ళు గడిచాయి. కంపెనీలు మూతపడ్డాయి, మళ్ళీ తెరుచుకున్నాయి. హైదరాబాద్ నుంచి విమానాల నిండా కొత్త పిల్లలు దిగారు. మాకు కూతురు పుట్టింది. పుంగ్గోల్‌లో కొత్తగా కట్టిన ఫ్లాటు తీసుకున్నాం. నేను నాలుగు కంపెనీలు మారాను, టీమ్ లీడ్ అయ్యాను, పిల్లల మీద విసుక్కునే మేనేజర్‌నూ అయ్యాను. ఆదివారం మాత్రం ఆ కుర్చీ మారలేదు. ఆయన చీటీలు తగిలిస్తుంటే నేను పేర్లు రాసేదాన్ని. ఎన్నిసార్లు "అంకుల్..." అని మొదలుపెట్టి నీళ్ళు నమిలానో లెక్కలేదు. ఆయన "ఏటి?" అనేవాడు. "ఏం లేదు, ఎండ ఎక్కువుంది" అనేదాన్ని.

నా కూతురు ఏడేళ్ళప్పుడు పిల్లల పోటీలో పరుగెత్తింది. ఆ రోజు టేబుల్ దగ్గర అంకుల్, నేను ఇద్దరమే ఉన్నాం. అది వగరుస్తూ వచ్చి కార్డు అంకుల్ ముందు పెట్టి, ఆయన ఇంకా చూడకముందే చెప్పేసింది. "నంబర్ ఫోర్ ఐ నెవర్ గో, అంకుల్. డార్క్ లా. ఐ స్కేర్డ్." చీకటికి భయపడి నాలుగో గుర్తు వదిలేసింది. ఆరింట్లో ఒకటి పోయింది, మెడల్ రాదు. నేను కసిరేలోపే అంకుల్ దాని చీటీ తాడు మీంచి తీశాడు. "సెప్పేవు గదా. సాలు. ఎల్లి మొకం కడుక్కో" అన్నాడు. అది గెంతుకుంటూ వెళ్ళిపోయింది. ఇంత సులువా అనుకున్నాను. ఏడేళ్ళ పిల్ల ఒక్క గుక్కలో చేసిన పని, తల నెరుస్తున్న నేను తొమ్మిదేళ్ళుగా చేయలేకపోతున్నాను. నా మీద నాకు పుట్టిన అసహ్యం అంతా ఇంతా కాదు.

"అంకుల్, ఆ రోజు నేను దారి తప్పలేదు" అన్నాను.

"ఏ రోజు?"

"మీ మోకాలికి దెబ్బ తగిలిన రోజు. ఆరో గుర్తు దగ్గర పేజర్ మోగింది. ఆఫీసుకు పోయినా. సాయంత్రం దాకా ఆఫీసులోనే ఉన్నా."

ఆయన చేతిలో బట్టల క్లిప్పు ఉంది. దాన్ని ఒకసారి నొక్కి వదిలి, తాడుకు తగిలించాడు. నేను ఏడుస్తానేమో అనుకున్నాను, ఏడుపు కూడా రాలేదు.

"అయితే జాలన్ లేదు" అన్నాడు.

"లేదు అంకుల్."

"మొదట నాను గీసింది?"

"అదే కరెక్టు. మీరు గీసిందేదీ తప్పు కాదు. తప్పు నాది."

ఆయన తిట్టలేదు. తాడు విప్పి, మోచేతికి చుట్టుకుంటూ కట్ట చేసి, క్లిప్పులు డబ్బాలో వేసి, "పిల్లకి ఆకలేస్తాది, ఎల్లు" అని, బస్టాపు కేసి నడిచి వెళ్ళిపోయాడు. ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ. ఆ నడక నేను వారం వారం చూసేదే. ఆ రోజు చూడలేకపోయాను.

మూడు ఆదివారాలు ఆయన రాలేదు. తాడు పని పెట్టుకున్నప్పటి నుంచి ఎప్పుడూ లేని విషయం. తాడు నేనే కట్టాను. క్లబ్బులో అందరూ అంకుల్‌కు ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారు. అప్పుడు వాళ్ళందరికీ కూడా చెప్పేయాలనిపించింది గానీ, ముందు ఆయన ఏమంటాడో తెలియాలి. నాలుగో వారం ఫోన్ వచ్చింది. "ఆదివారం మజ్జేనం మా ఇంటికి రా. బోజనం సేసీసి రా" అన్నాడు. ఎవరినీ తినకుండా పంపని మనిషి, తిని రమ్మన్నాడు. ఆ మాట తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

ఆయన ఇల్లు హౌగాంగ్‌లో తొమ్మిదో అంతస్తు. ఆయన భార్య తలుపు తీసి, నన్ను పలకరించి లోపలికి వెళ్ళిపోయింది. భోజనాల బల్ల మీద అన్నీ తీసేసి, ఒక ప్లాస్టిక్ షీటు పరిచి నాలుగు మూలలా నాలుగు గిన్నెలు పెట్టి ఉంచాడు. రిజర్వాయర్ అడవి. ఆయన చేత్తో గీసిన అసలు షీటు. క్లబ్బులో మ్యాపులన్నీ ఎప్పుడో కంప్యూటర్‌లోకి ఎక్కించారు, ఈ షీటు ఎక్కడుందో కూడా మాకు తెలియదు. మంచం కింద గొట్టంలో చుట్టి దాచుకున్నాడు. పక్కన ఒక కొత్త బ్లేడు.

"దీని మీద ఇంకు రబ్బరుతో పోదు. గీరాల" అన్నాడు. బ్లేడు తీసుకుని వంగాడు. షీటుకు ఆనించేలోపే చెయ్యి వణికింది. నిలబెట్టుకుని మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ వణికింది. బ్లేడు నా ముందు పెట్టాడు.

"నువ్వు గీరు."

ఐదు గీతలు. ఒక్కోటి బియ్యపుగింజ కన్నా చిన్నది. "లోతుగా వద్దు. ఇంకు మట్టుకే" అంటూ ఆయన నా భుజం మీంచి చూస్తున్నాడు. నల్లటి పొడి లేస్తోంది. నేను ఊపిరి బిగబట్టి ఒకటి తీశాను, రెండోది తీశాను. మూడోదాని దగ్గర కళ్ళనిండా నీళ్ళొచ్చి ఏదీ కనబడలేదు. ఆయన ఆగాడు. తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టాను. ఐదూ పోయాక ఆయన వేలితో ఆ చోటు తడిమి, పొడి ఊదేశాడు. గీరిన చోట షీటు గరుకుగా, తెల్లగా మిగిలింది.

"ఆ వారమే సెప్పుంటే తిట్టీసుందును" అన్నాడు. గొంతు పెంచకుండానే. "గట్టిగా తిట్టీసి, మకన్‌కి తీసుకెళ్ళుందును. ఇంకో మూడు అడవులు గీసుందును. నాలుగేమో."

"మళ్ళీ గీయండి అంకుల్. నేను పలక పట్టుకుంటా. మీరు చెప్పండి, నేను నడుస్తా, అడుగులు లెక్కపెడతా."

ఆయన తన కుడిచేతిని షీటు మీదుగా చాపి పట్టుకున్నాడు. దాని నీడ రిజర్వాయర్ మీద పడి అల్లల్లాడుతోంది. "సూడు" అన్నాడు. "అప్పుడు కళ్ళు బాగున్నాయి, నమ్మకం లేదు. ఇప్పుడు నమ్మకం ఒచ్చింది, సెయ్యి లేదు." ఆ తర్వాత ఆయన బతికిన నాలుగేళ్ళలో ఒక్క గీత కూడా గీయలేదు. సగంలో ఆగిన ఆ రెండు అడవులనూ వేరేవాళ్ళు పూర్తిచేశారు. ఆ మ్యాపులు పట్టుకుని పరుగెత్తిన ప్రతిసారీ, ఎక్కడ ఆయన చెయ్యి ఆగిందో నాకు తెలిసిపోతుంది.

లేవబోతుంటే కూచోమన్నాడు. లోపలికి వెళ్ళి బిస్కెట్ల డబ్బా ఒకటి తెచ్చాడు. నిండా చీటీలు, పోటీకో కట్ట చొప్పున రబ్బరు బ్యాండు వేసి. అలా దాస్తాడని నాకు తెలియదు. ఒక కట్ట విప్పి, వెతికి, వానకు తడిసి ఆరి ముడుచుకుపోయిన ఒక చీటీ నా ముందు పెట్టాడు. నా చేతిరాత. దాని కింద ఆయన అక్షరాల్లో ఇంగ్లీషులో ఉంది: సాయంత్రం అయిదూ నలభై, తిరిగొచ్చింది.

"నాను రాసిన టైము తప్పు" అన్నాడు, పెన్సిలు నా చేతికిస్తూ. "సరిసెయ్యి."

నేను ఆయన రాసిన టైము కొట్టేసి, దాని పక్కన ఆయన ముందు కూచున్న ఆ ఆదివారం తారీఖు వేసి, గోడ గడియారం చూసి టైము రాశాను. మూడూ పది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని సరిచూసుకుని, చీటీని కట్టలో దాని వరసలో పెట్టి, రబ్బరు బ్యాండు వేశాడు. క్షమించానని అనలేదు, నేను అడగలేదు. డబ్బా మూత పెట్టాక, లోపలికి వినబడేలా, పిల్ల ఏమీ తిన్నట్టు లేదు, అన్నం పెట్టమని భార్యకు చెప్పాడు.